నాలుగు వేళ్ల కొసరు

బట్టలాయన తన కొట్టు మూసేసిన రోజు నుంచి భారీ రవాణా కంపెనీలో కుర్చీ ఎక్కిన రోజు వరకు లెక్కేస్తే సరిగ్గా నలభై ఒక్క రోజులు. ఆ నలభై ఒక్క రోజుల్లో ఆయన బావమరిది ముప్పైసార్లు ఫోన్ చేశాడు. అన్నిసార్లూ ఒకటే మాట.

"బావగారూ, ఊరికే కూర్చుని మోకాళ్లు పాడుచేసుకోకండి. మా షోరూం గుమ్మం దగ్గర మీకో మంచి కుర్చీ వేయిస్తాను. వచ్చేవాళ్లను రండమ్మా రండి అంటే చాలు. మీకు కొత్తేం కాదుగా."

కొత్త కాదు, నిజమే. ఇరవై ఆరేళ్లు ఆయన తన కొట్లో అదే మాట అన్నాడు. కానీ తన గుమ్మంలో నిలబడి రండి అనడం వేరు, పెళ్లాం తమ్ముడి గుమ్మంలో నిలబడి రండి అనడం వేరు. పైగా ఆ తమ్ముడికి బట్ట కొలవడం నేర్పింది తనే. నేర్పినవాడు గుమ్మంలో, నేర్చుకున్నవాడు లోపల ఏసీలో. ఈ బేరంలో ఎటు తిప్పి చూసినా ఆయనకు మిగిలేది ఏమీ కనపడలేదు.

అందుకే పేపర్లో "కొలతలు తీయడం తెలిసిన ఆఫీసు మనిషి కావలెను" అన్న రెండు లైన్లు కనపడగానే, అది ఏ కంపెనీయో పూర్తిగా చదవకుండానే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

ఇంటర్వ్యూ చేసింది మేనేజరమ్మ. ఆవిడ బల్ల మీద ఒక్క కాగితం కూడా వంకరగా లేదు.

"టేపు పట్టుకోవడం వచ్చా?"

"ఇరవై ఆరేళ్లుగా అది తప్ప ఇంకేదీ పట్టుకోలేదు మేడం."

"మేము మోసేవి ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్లు, వంతెన దూలాలు. మామూలు లారీకి ఎక్కనివి. పొడవు, వెడల్పు, ఎత్తు చేతిలో ఉంటేనే ఏ దారిన వెళ్లాలో తెలుస్తుంది. కొలత తప్పితే తల తగులుతుంది."

"ఎవరి తల మేడం?"

"ముందు సరుకు తల. ఆ తర్వాత మీ తల." ఆవిడ నవ్వకుండానే అంది. "ఒక నెల చూస్తాం. ఆ నెలలో కొలతలో తప్పు దొరికిందంటే, ఎంత చిన్నదైనా సరే, ఆ సాయంత్రమే మీ దారి మీది."

ఆయన తల ఊపాడు. ముప్పై రోజులు. దాటితే ఈ కుర్చీ, దాటకపోతే ఆ గుమ్మం. ఇంత సూటిగా ఉన్న లెక్క ఆయన జీవితంలో ఎప్పుడూ తగల్లేదు.

మొదటి వారం నష్టాల్లోనే నడిచింది. ఆఫీసులో మూడు బల్లలు, ఒక పెద్ద కిటికీ. కిటికీ బయట యార్డు. యార్డులో ఆగిన ట్రైలరుకు చక్రాలెన్నో చూద్దామని మొదలెట్టి, తొంభై ఆరు దగ్గర ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెట్టానేమో అని అనుమానం వచ్చి మళ్లీ మొదటికి వచ్చాడు. అంతలో ఫోన్ మోగింది. నోరు తన అలవాటు తాను చూసుకుంది.

"చెప్పండమ్మా, ఏం చూపించమంటారు?"

అవతల ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు. కాసేపు ఆగి, "నూట నలభై టన్నుల బాయిలర్ ఒకటుందండీ" అన్నాడు.

"ఏ రంగు?"

"బూడిద రంగు," అన్నాడు ఇంజనీరు, అడిగినదానికి జవాబు చెప్పడం మర్యాద కాబట్టి. పక్క బల్ల దగ్గర మేనేజరమ్మ పెన్ను ఆగింది.  

రెండో వారంలో కాస్త లాభం కనపడింది. దారుల మ్యాపు దుప్పటంత ఉంటుంది. మూడేళ్లుగా దాన్ని విప్పినవాళ్లే గానీ మళ్లీ మడిచినవాళ్లు లేరు. ఎవరికి వాళ్లు నలిపి సొరుగులో కుక్కేవాళ్లు. బట్టలాయన దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరి, పాత మడతల్లోనే పెట్టి నాలుగు విసుర్లలో చేతిలోకి తెచ్చాడు. చీర చూపించి, కొనకుండా లేచిపోయినావిడ వెనక చీర మడిచినంత తేలిగ్గా. మేనేజరమ్మ ఆ మడతను ఇటూ అటూ తిప్పి చూసింది. తర్వాత మిగిలిన ఆరు మ్యాపులు ఆయన వైపు తోసింది.

ఆఫీసులో ఇంకా ఇద్దరున్నారు. పెద్ద డ్రైవరును అందరూ నిదానం అంటారు. ఇరవై ఏళ్లుగా గంటకు పది కిలోమీటర్లు దాటని మనిషి. మాట కూడా అదే వేగంలో వస్తుంది. ఆయన మొదలెట్టిన కబురు చివరికి చేరేలోపు ఎదుటివాడి టీ చల్లారిపోతుంది. రెండో ఆయన కర్ర బాబాయ్. జీపు ముందు బంపరుకు నిలువుగా ఒక పొడుగాటి కర్ర బిగించి, సరుకు వెళ్లాల్సిన దారంతా ముందే తిరిగొస్తాడు. కర్ర దేనికైనా తగిలితే సరుకూ తగులుతుందన్నమాట. ఈ పని ఆయన ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, పొట్టి మనిషి అయ్యుండీ ఏ గుమ్మం కనపడినా తల వంచుకునే లోపలికి వస్తాడు.

"తగల్దులే బాబాయ్," అంటాడు నిదానం.

"తగిలాక నువ్వొచ్చి కట్టు కడతావా?" అంటాడు కర్ర బాబాయ్, వంగే.

నెలలో ఇరవై రెండో రోజు బట్టలాయనకు మొదటి పెద్ద కొలత తగిలింది. ఒక ట్రాన్స్‌ఫార్మర్. ఫ్యాక్టరీ షెడ్డులో ఇల్లంత ఎత్తున కూర్చుని ఉంది. నిదానం కింద టేపు కొస తొక్కిపట్టాడు. బట్టలాయన నిచ్చెన ఎక్కాడు. ఎత్తులు ఆయనకు కొత్త. కొట్లో ఆయన ఎక్కిన అత్యంత ఎత్తైన వస్తువు స్టూలు.

"కిందికి చూడకు అన్నా," అన్నాడు నిదానం.

"నేను కళ్లే తెరవలేదు."

"మరి కొలత ఎట్లా చదువుతావ్?"

అదీ నిజమే. కళ్లు తెరిచాడు. ఎడమ బొటనవేలితో టేపును సరుకు అంచుకు నొక్కి, మిగతా వేళ్లు టేపు మీద ఆనించి, చదివాడు. మూడు మీటర్ల డెబ్బై ఎనిమిది. జేబులో పుస్తకం తీసి రాసుకున్నాడు. దిగాక తొక్కింది నేలేనని నమ్మకం కుదరడానికి రెండుసార్లు కాలు ఆనించి చూశాడు.

ఆ మర్నాడు మేనేజరమ్మ కాగితం ముందేసుకుని అందర్నీ కూర్చోబెట్టింది. సరుకు మూడు డెబ్బై ఎనిమిది. దాని కింద ట్రైలరూ చెక్కలూ కలిపి నిదానం చెప్పింది ఒకటి పన్నెండు. మొత్తం నాలుగు తొంభై. పైన పది సెంటీమీటర్ల ఖాళీ ఉండాలని కంపెనీ ఫారంలో అచ్చేసి ఉంది. అంటే ఐదు మీటర్లు. దగ్గర దారిలో ఒక రైలు వంతెన ఉంది. దాని కింద ఎత్తు కర్ర బాబాయ్ రాసినదాని ప్రకారం నాలుగు తొంభై రెండు.

"ఎనిమిది సెంటీమీటర్లు తక్కువ," అంది ఆవిడ. "దూరం దారే."

 దగ్గర దారి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, ఒక్క రోజు పని. దూరం దారి రెండు వందల పన్నెండు. సరుకు బరువుకి పగలే, అదీ నడిచినంత మెల్లగా వెళ్లాలి కాబట్టి ఎనిమిది రోజులు. దారిలో పదకొండు చోట్ల కరెంటు తీయించి తీగలు పైకెత్తాలి. నిదానం తన వేగంలో ఒక నిట్టూర్పు విడిచాడు. అది చాలాసేపు వచ్చింది.

"మా అమ్మాయికి పురుడు వచ్చే వారమే అన్నారు," అన్నాడు. "సరేలే. వాడు పుట్టి నడక నేర్చేలోపు వచ్చేస్తాను."

బయలుదేరేది ముప్పయ్యో రోజున అని నిర్ణయమైంది. బట్టలాయన నెలకు అదే చివరి రోజు. సరుకు అటు వెళ్తుంది, తన ఉద్యోగం ఇటు ఖాయమవుతుంది అని ఆయన మనసులో కూడిక వేసుకున్నాడు.

ఇరవై ఏడో రోజు సాయంత్రం ఇంట్లో భార్య కిటికీకి కొత్త తెర కుట్టాలని కూర్చుంది.

"ఏమండీ, ఆ కిటికీ పొడవు కాస్త చూసి చెప్పండి."

టేపు తీశాడు, కొలిచాడు. "నూట ముప్పై ఎనిమిది."

ఆవిడ తల ఎత్తకుండానే గుడ్డ మీద సుద్దతో నూట ముప్పై దగ్గర గీత గీసింది.

"నూట ముప్పై ఎనిమిదన్నాను."

"విన్నాను."

"మరి నూట ముప్పై గీశావు?"

"మీ వేళ్లు తీసేశానండీ."

"ఏం వేళ్లు?"

ఆవిడ సుద్ద కింద పెట్టింది. "పాతికేళ్లుగా మీరు చెప్పిన ప్రతి కొలతలో మీ నాలుగు వేళ్లుంటాయి. ఎనిమిది తీసేస్తే అసలుది వస్తుంది. ఇది నాకు తెలుసని మీకు తెలీదా?"

తెలీదు. కొసరు సంగతి తెలుసు. అది ఆయన కొట్టు పేరు నిలబెట్టిన పద్ధతి. మీటరు గుడ్డ అడిగితే మీటరు దగ్గర బొటనవేలు పెట్టి, దాని అవతల నాలుగు వేళ్లు ఆనించి, చిటికెన వేలి అవతల కత్తెర వేయడం. దర్జీ తిట్టుకోడు, కొన్నావిడ మళ్లీ వస్తుంది. రోజుకు ఇరవై కోతలు, ఏడాదికి మూడొందల రోజులు, ఇరవై ఆరేళ్లు. కొట్టు మూసేసిన మర్నాడు ఊసుపోక లెక్కేస్తే అలా ఇచ్చిన కొసరు పన్నెండు కిలోమీటర్ల పైన తేలింది. అప్పుడు గర్వంగా కూడా అనిపించింది. కానీ ఆ వేళ్లు కొట్టుతో పాటు మూతపడలేదనీ, కిటికీల దగ్గరికీ నిచ్చెనల మీదికీ తనతో పాటు వస్తున్నాయనీ ఇప్పుడే తెలిసింది.

ఎడమ చేయి చూసుకున్నాడు. బొటనవేలు, దాని పక్కన నాలుగు. ఇన్నాళ్లూ అంకె చదివింది చిటికెన వేలి దగ్గరే. ఎనిమిది సెంటీమీటర్లు. వంతెన దగ్గర తక్కువ పడింది కూడా ఎనిమిదే.

కుర్చీలో కూలబడి భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ కుట్టు ఆపి విన్నది.

"చెప్తే?"

"ఆ సాయంత్రమే ఇంటికి పంపిస్తుంది. ముందే చెప్పింది."

"చెప్పకపోతే?"

"ఏమీ కాదు. అదే వచ్చిన చిక్కు. ఎత్తు ఎక్కువ రాశాను కాబట్టి ఎక్కడా ఏదీ తగలదు. సరుకు క్షేమంగా చేరుతుంది. ఎవరికీ తెలీదు. ఎనిమిది రోజులు పోతాయి, అంతే."

"ఎవరివి?"

"నిదానానివి. కర్ర బాబాయివి. పదకొండు చోట్ల కరెంటు లేక కూర్చునేవాళ్లవి."

"అంటే మీది తప్ప అందరివీ."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తన వ్యాపారంలో ఎప్పుడూ ఇలాంటి లెక్క చేయలేదు. కొసరంటే తన చేతి నుంచి పోవాలి. ఇది ఎదుటివాడి చేతి నుంచి పోతోంది.

"మీ తమ్ముడి గుమ్మంలో నిలబడితే నీకు బాగుంటుందా?" అన్నాడు చివరికి.

"బాగోదు," అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ. "మా మరదలు పండ్లన్నీ కనపడేలా నవ్వుతుంది. కానీ ఈ సంగతి కడుపులో పెట్టుకుని మీరు రోజూ ఆఫీసుకెళ్తే, సాయంత్రం ఆ మొహం చూడాల్సింది నేను. దానికంటే మా మరదలి నవ్వే నయం."

మర్నాడు పొద్దున ఆయన కుర్చీలో కూర్చోకుండా నేరుగా మేనేజరమ్మ బల్ల దగ్గరికి వెళ్లాడు. నిదానం, కర్ర బాబాయ్ అక్కడే దూరం దారి మ్యాపు చూస్తున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాడు. ఆగితే ధైర్యం కూడా వాళ్లతో పాటే వెళ్లిపోతుందని చెప్పేశాడు.

"మేడం, ట్రాన్స్‌ఫార్మర్ ఎత్తు మూడు డెబ్బై ఎనిమిది కాదు. మూడు డెబ్బై. ఎనిమిది నా వేళ్లు." చేయి బల్ల మీద పెట్టి చూపించాడు. కొసరు సంగతి మొదటి నుంచి చెప్పాడు. తెర గుడ్డతో సహా.

మేనేజరమ్మ ఆ చేయి వైపు చాలాసేపు చూసింది. తర్వాత కాగితం తీసి కూడింది. మూడు డెబ్బై, ఒకటి పన్నెండు, పైన పది. నాలుగు తొంభై రెండు. వంతెన నాలుగు తొంభై రెండు.

"సరిగ్గా సరిపోతుంది," అంది. "మీ ఒక్క చేయి అడ్డం లేకపోతే దగ్గర దారిన పోయేవాళ్లం. నేను మొదటి రోజే ఏం చెప్పాను?"

"సాయంత్రం వెళ్లిపోమన్నారు మేడం. సాయంత్రం దాకా ఉండి మ్యాపులు మడిచి వెళ్తాను."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. అంతలో కర్ర బాబాయ్ దగ్గాడు. మామూలు దగ్గు కాదు, మాటకు ముందు వచ్చే దగ్గు.

"సరిగ్గా సరిపోవడం అంటే, మేడం, కొంచెం ఎక్కువే సరిపోతుంది."

"అంటే?"

"వంతెన కింద ఎత్తు ఐదు మీటర్లు. నేనే ఒక ఎనిమిది తగ్గించి రాస్తాను."

"ఎందుకు?"

"వీళ్ల మీద నాకు నమ్మకం లేక," అంటూ గడ్డంతో నిదానాన్ని చూపించాడు. "తగిలిందంటే ముందు నన్నే అంటారు కదా."

నిదానం మొహం ఎర్రబడింది. "నా మీద నమ్మకం లేదా? నీ మీద నమ్మకం లేకే కదా బాబాయ్ నేను ట్రైలరుకు ఏడు కలిపి చెప్పేది."



"ట్రైలరు అసలు ఎంత?" అంది మేనేజరమ్మ, ఒక్కో మాట విడివిడిగా.

"చెక్కలతో కలిపి ఒకటీ ఐదు."

"ఎన్నాళ్ల నుంచి కలుపుతున్నావు?"

నిదానం పైకప్పు వైపు చూసి లెక్కేశాడు. ఆయన లెక్క ఆయన వేగంలోనే జరిగింది. "పంతొమ్మిదేళ్లు మేడం. మొదటేడు కలపలేదు. మొదటేడు నాకు తెలీదు."

బట్టలాయనకు వ్యాపారి బుద్ధి ఒకటుంది. ఎదుటివాడి పెట్టెలో ఇంకా సరుకుందో లేదో మొహం చూసి పసిగడతాడు. ఇప్పుడు మేనేజరమ్మ మొహంలో అలాంటిదే కనపడింది. ఆవిడ కళ్లు ఫారం మీద అచ్చేసిన పది దగ్గర ఆగి ఉన్నాయి.

"మేడం," అన్నాడు మెల్లగా, పోయే ఉద్యోగానికి భయమెందుకని. "ఆ పది ఎవరిది?"

ఆవిడ ఫారం బోర్లించింది. తర్వాత మళ్లీ తిప్పింది.

"నియమాల పుస్తకంలో ఐదు," అంది. "ఈ ఫారం నేను చేరిన ఏడాది నేనే అచ్చేయించాను. మిగతా ఐదు నాది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ముందు నవ్వినవాడి సంగతి ఏమవుతుందో తెలీదు. అలా నలుగురూ ఒకరి మొహం ఒకరు తప్పించుకుంటూ ఉండగా నిదానానికి నవ్వు బయలుదేరింది. అది పొట్టలో మొదలై గొంతు దాకా రావడానికి పట్టినంత సేపు అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. వచ్చాక ఇక ఎవరూ ఆగలేదు.

మేనేజరమ్మే ముందు తేరుకుంది. "తప్పు కొలత ఇచ్చినవాళ్లను ఇంటికి పంపాలంటే ఈ ఆఫీసుకు నేనే తాళం వేయాలి. వేశాక నేనూ పోవాలి. పదండి, మళ్లీ కొలుద్దాం."

ఆ రోజు తీసిన కొలతలంత నిజాయితీ గల కొలతలు ఆ కంపెనీలో అంతకు ముందు లేవు. ఎందుకంటే ఎవరూ ఎవర్నీ నమ్మలేదు. టేపు కొస కర్ర బాబాయ్ పట్టుకుంటే ఆయన బొటనవేలిని నిదానం కాపలా కాశాడు. నిదానం చదివితే మేనేజరమ్మ నిచ్చెన ఎక్కి స్వయంగా చూసింది. బట్టలాయన చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో ఉండాలని షరతు పెట్టారు. ముక్కు దురద పెట్టినా ఆయన తీయలేదు. సరుకు మూడు డెబ్బై, ట్రైలరు ఒకటీ ఐదు, వంతెన ఐదు. మొత్తం నాలుగు డెబ్బై ఐదు పోగా, పైన పాతిక సెంటీమీటర్లు మిగిలాయి. జానెడు పైచిలుకు.

పర్మిట్ ఆఫీసులో దారి మార్పు కాగితం సంపాదించడానికి మేనేజరమ్మకు ఒకటిన్నర రోజు పట్టింది. ముప్పయ్యో రోజు పొద్దున పది గంటలకు తొంభై ఆరు చక్రాలూ వంతెన ముందుకు వచ్చి నిలిచాయి. రోడ్డు రెండు వైపులా ఆపేశారు. కర్ర బాబాయ్ జీపు ముందు దూరింది. కర్ర తగల్లేదు, ఆయన మాత్రం లోపల తల వంచే ఉన్నాడు. వెనక నిదానం మనిషి నడిచినంత మెల్లగా కదిలాడు. బట్టలాయన పక్కనే నడుస్తూ పైకి చూశాడు. సరుకు నెత్తికీ వంతెన కింది దూలానికీ మధ్య వెలుతురు పట్టీ ఒకటి సాగింది. చీర పెద్దంచుకు మించిన వెడల్పు కాదు. కానీ మొదటి నుంచి చివరి దాకా ఒక్క చోటా తెగలేదు.

అవతలికి వెళ్లాక నిదానం బండి ఆపి దిగాడు. ఫోన్ చూసుకున్నాడు. "అమ్మాయిని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లారట," అన్నాడు. "సాయంత్రానికి సరుకు దింపేసి పోతాను." ఈ ఒక్కసారి మాట త్వరగా వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు కంపెనీ కారులో మేనేజరమ్మ పక్కన బట్టలాయన కూర్చున్నాడు. దారిలో ఆవిడే కదిపింది.

"ఈ రోజుతో మీ నెల అయిపోయింది."

"తెలుసు మేడం."

"కొలతల పని మీకివ్వలేను. మీ చేతిని నేను నమ్మను. జేబులో ఉన్నా నమ్మను."

"న్యాయమే మేడం." ఆయనకు కళ్ల ముందు ఒక గుమ్మం, దాని పక్కన ఒక కుర్చీ కనపడుతున్నాయి.

"నేను నాలుగేళ్లుగా వాళ్లిద్దరితో కలిసి కూర్చుంటున్నాను. ఒక్కసారి కూడా, ఇందులో మీది ఎంత అని అడగాలని తట్టలేదు. మీరు ఉద్యోగం పోతుందనుకున్న నిమిషంలో నన్నే అడిగారు." ఆవిడ గేరు మార్చింది. "మనకు కొలతలు ఇచ్చేవాళ్లు బయట ఇరవై మంది ఉన్నారు. ఫ్యాక్టరీ వాళ్లు, క్రేన్ల వాళ్లు, లైన్‌మన్లు. ప్రతివాడూ ఎంతో కొంత కలుపుతూనే ఉంటాడు. అది రాబట్టే పని మీది. ఫారంలో కొత్త గడి ఒకటి వేయిస్తున్నాను. అసలు ఎంత, కలిపింది ఎంత, కలిపింది ఎవరు."

బట్టలాయన ఒకసారి లెక్క చూసుకున్నాడు. కుర్చీ ఉంది, నిచ్చెన లేదు. ఇంతకంటే మంచి బేరం ఆయనకు ఈ మధ్య తగల్లేదు.

"జేబుల్లోంచి చేతులు తీయవచ్చా మేడం?"

"ఫోన్ పట్టుకోవడానికి తీయండి."

మర్నాడు పొద్దున ఆయన మొదటి ఫోన్ ఒక క్రేను ఓనరుకు చేశాడు. అవతల గొంతు గరుకుగా ఉంది, తొందరలో ఉంది. తన క్రేను చేయి పొడవు ఇరవై నాలుగు మీటర్ల ఇరవై అని గడగడా చెప్పేశాడు.

"రాసుకున్నానండీ," అన్నాడు బట్టలాయన, కొట్లో మంచి గిరాకీకి వాడే గొంతుతో. "ఇప్పుడు తీరిగ్గా చెప్పండి. ఇందులో మీది ఎంత?"

"నాదేంటి?"

"మీరు కలిపింది. పర్వాలేదు, మా ఆఫీసులో అందరం కలిపాం."

అవతల నిశ్శబ్దం. బట్టలాయన తొందరపడలేదు. బేరంలో ఎదుటివాడు ఆలోచిస్తున్నప్పుడు మాట్లాడినవాడు నష్టపోతాడని ఆయనకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు. కుర్చీలో వెనక్కి వాలి, పెన్ను కొత్త గడి మీద ఆనించి కూర్చున్నాడు.

"పదిహేను," అన్నాడు క్రేను ఓనరు చివరికి, గొంతు తగ్గించి. "మా నాన్న కాలం నుంచి."